పెన్న గట్టు మీది మా తోట మండపాన్ని విప్పి ఊళ్ళోకి తరలించవచ్చునా?

పెన్నఒడ్డు_తోట | 5 ఫిబ్రవరి 2023

సభ్యులందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లాలో సంగం ఆనకట్టకు దిగువన, పెన్న ఉత్తరపు గట్టు మీద మా కుటుంబానికి మూడెకరాల మామిడి తోట ఉండేది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేటి వరద పెన్నలో కలిసి సోమశిల మీదుగా దిగువకు వచ్చినప్పుడు దాదాపు ఎకరం నేల, దాని మీది పద్దెనిమిది చెట్లు ఏట్లో కలిసిపోయాయి. తోట మధ్యలో మా పూర్వీకులు కట్టించిన రాతి మండపం ఉంది. వరదకు ముందు మండపం అరుగు నుంచి గట్టు అంచుకు 140 అడుగుల దూరం ఉండేది. కిందటి వారం టేపు పెట్టి కొలిస్తే 38 అడుగులు వచ్చింది.

మండపానికి నాలుగు వరుసల్లో పదహారు స్తంభాలు, రాతి దూలాలు, కప్పుబండలు ఉన్నాయి. పడమటి వైపు మాత్రమే ఇటుక గోడ కట్టి, మిగిలిన మూడు వైపులా తెరిచి ఉంచారు. పైన సున్నపు పిట్టగోడ మీద చిలుకల బొమ్మలు ఉన్నాయి. తూర్పు దూలం మీది నాలుగు పంక్తుల రాతలో శాలివాహన శకం 1794, ఆంగీరస సంవత్సరం అన్నంత వరకు నేను చదవగలిగాను. పక్కనే మోట బావి, దాని రాతి తొట్టి ఉన్నాయి. కనుమ నాడు పార్వేటకు, అంటే వేట ఉత్సవానికి, బయలుదేరిన స్వామివారి ఉత్సవమూర్తి ఈ మండపంలోనే దిగి, నైవేద్యం అందుకుని, సాయంత్రం గుడికి చేరతారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది తప్పలేదు.

ఆస్తికి మేము నలుగురం హక్కుదారులం. రాళ్ళను కొనడానికి ఒక వ్యాపారి ముందుకు వచ్చాడు, మాలో ఇద్దరికి అది సబబుగానే తోచింది. నాకు మనసొప్పడం లేదు. గుడి పూలతోట పక్కన మా పట్టాలోనే నలభై సెంట్ల ఖాళీ స్థలం ఉంది, ఇక్కడికి కిలోమీటరున్నర దూరం. మండపాన్ని విప్పి అక్కడ మళ్ళీ నిలబెట్టడం సాధ్యమేనా అన్నది నా ప్రశ్న. నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, కట్టడాల పని తెలియదు. తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కావలి_పాఠకుడు | 5 ఫిబ్రవరి 2023

మీ బాధ అర్థమవుతోంది. అయినా తరలింపును మొదటి మార్గంగా కాక, చివరి మార్గంగా చూడమని వేడుకుంటున్నాను. పాత కట్టడాల పరిరక్షణ గురించిన 1964 నాటి వెనిస్ ఒడంబడిక ఏడవ అధికరణం, కట్టడాన్ని దాని చరిత్ర నుంచీ అది నిలిచిన పరిసరం నుంచీ విడదీయకూడదనీ, దాన్ని కాపాడటానికి వేరే దారి లేనప్పుడు లేదా అత్యంత ముఖ్యమైన జాతీయ, అంతర్జాతీయ ప్రయోజనం ఉన్నప్పుడు మాత్రమే కదిలించాలనీ చెబుతుంది. గుడి మండపం వేరు, తోట మండపం వేరు. ఏటి గాలి, మామిడి నీడ, బావి నీటి చప్పుడు ఇవన్నీ కలిస్తేనే అది తోట మండపం. వీటిని వదిలి రాళ్ళను మాత్రం తీసుకుపోతే మిగిలేది పదహారు స్తంభాల పందిరి. గట్టుకు రాతి కట్టుబడి వేయించే అవకాశం ఉన్నదేమో ముందు విచారించారా?

పెన్నఒడ్డు_తోట | 6 ఫిబ్రవరి 2023

విచారించాను. మా తోట ఏటి మలుపులో బయటి వైపున ఉంది, ప్రవాహం నేరుగా వచ్చి తగిలేది అక్కడే. ఒక్క తోట ముందు కట్టుబడి వేస్తే, దాని రెండు కొసల దగ్గరా నీరు వెనక్కు తొలిచి పక్కవారి చేలను కోస్తుందని నీటిపారుదల పనుల్లో అనుభవమున్న ఇద్దరు చెప్పారు. మలుపంతటికీ వేయించడం మా శక్తికి మించిన పని.

రాతికొలత | 6 ఫిబ్రవరి 2023

నేను ఒంగోలులో ఉంటాను, నిర్మాణ ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు పనిచేశాను. మీరు పంపిన ఛాయాచిత్రాలు, కొలతలు చూసిన తరువాత ఇది సాధ్యమేనని చెప్పగలను.

ఇళ్ళను జాకీలతో ఎత్తి జరపడం మీరు వినే ఉంటారు. గోడల కింద ఉక్కు దూలాలు దూర్చి మొత్తం కట్టడాన్ని ఒకే ముద్దగా ఎత్తే ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు. మీ మండపంలో స్తంభం మీద బోదె (స్తంభం తలమీది దిమ్మె), బోదె మీద దూలం, దూలం మీద కప్పుబండ ఒకదాని బరువుతో ఒకటి నిలిచి ఉన్నాయే తప్ప, వాటిని కలిపి పట్టి ఉంచే బంధమేదీ లేదు. స్తంభం తలమీద పొడుచుకు వచ్చిన కుసి, బోదె అడుగున దానికి సరిపోయే గుంట, ఉన్న అతుకు అంతే. ఎత్తితే విడిపోతుంది. ఏ అతుకూ అంటించలేదు కాబట్టి విప్పడం మాత్రం సులభం.

నల్లరాయి ఘనపుటడుగుకు సుమారు 75 కిలోలు తూగుతుంది. అడుగు చదరం, తొమ్మిది అడుగుల ఎత్తు ఉన్న మీ స్తంభం ఒక్కొక్కటి దాదాపు 675 కిలోలు. ఎనిమిది అడుగుల దూలం, అడుగు వెడల్పు, అడుగుంబావు మందం అనుకుంటే 750 కిలోలు, అలాంటివి ఇరవైనాలుగు. నాలుగేసి స్తంభాల నడుమ ఏర్పడే తొమ్మిది అంకణాలకు అంకణానికి నాలుగు చొప్పున కప్పుబండలు ముప్పైఆరు, ఒక్కొక్కటి 600 కిలోలు. బోదెలతో కలిపి యాభై టన్నులు దాటుతుంది, అరుగు రాళ్ళు ఇందులో లేవు. ఏ ఒక్క రాయీ టన్ను దాటడం లేదు కనుక చిన్న క్రేనుతోనో, మూడుకాళ్ళ గుంజకు కట్టిన చైన్ పుల్లీతోనో పని జరుగుతుంది.

ఇటుక గోడ, సున్నపు పిట్టగోడ, చిలుకల బొమ్మల విషయంలో మాత్రం మీకు ఆశ కల్పించలేను. రాయి విడిపోయినట్టు సున్నపు పూత విడిపోదు. వాటిని కొలిచి, అచ్చులు తీసి, మళ్ళీ చేయించుకోవలసిందే.

తుంగభద్ర_తీరం | 7 ఫిబ్రవరి 2023

మా అమ్మగారి ఊరు కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర ఉండేది. శ్రీశైలం జలాశయం నిండబోతున్నదని తెలిసినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం దగ్గర తిరిగి కట్టారు. పాపనాశి ఆలయాలనూ అలాగే తరలించారు. అంతకు ముందు నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, మునిగిపోయే లోయలోని కట్టడాలు కొన్నింటిని కొండ మీదా, కొన్నింటిని అనుపులోనూ నిలబెట్టారు. ఈజిప్టులోని అబూ సింబెల్ ఆలయాలను 1964, 1968 మధ్య ముక్కలుగా కోసి 65 మీటర్ల ఎత్తుకు చేర్చిన సంగతి లోకమంతా చెప్పుకుంటుంది. మన నేల మీద మన పనివారు చేసిన పని అంతగా చెప్పుకోము.

కావలి_పాఠకుడు గారి మాటలో నిజముంది. కొత్త చోట ఉన్న సంగమేశ్వరుణ్ణి చూసినప్పుడల్లా మా అమ్మ, ఏరు ఏదీ అనేది. అయినా ప్రతి శివరాత్రికీ అక్కడికే వెళ్ళేది. గుడి లేకపోతే ఆ ప్రశ్న అడగడానికి కూడా ఆమెకు చోటు ఉండేది కాదు. విప్పండి.

పాతలిపి | 7 ఫిబ్రవరి 2023

శాలివాహన శకానికి 78 కలిపితే 1872 వస్తుంది. ఆంగీరస సంవత్సరం 1872-73కు సరిగ్గా సరిపోతుంది, కనుక మీరు చదివినది తప్పు కాదు. అప్పటికి నాలుగేళ్ళలో ధాత కరువు, అంటే ధాత సంవత్సరంలో మొదలైన పెద్ద కరువు, వచ్చింది. ఆ బావి గురించి మీ ఇంట్లో ఏమైనా చెప్పుకునేవారా?

విప్పడానికి ముందే ఆ శాసనానికి అచ్చు తీయించండి. రాతిని శుభ్రంగా కడిగి, తడి కాగితాన్ని కుంచెతో అక్షరాల లోతుల్లోకి కొట్టి, ఆరబోతున్నప్పుడు సిరాగుడ్డ అద్దితే నేల నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. ఆ దూలానికి మోకు ఆనకుండా చూడండి. నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి, వాటిలో మీ ఊరి పేరు కూడా వెతికి చూడవచ్చు.

చట్టం సంగతి. మండపం మీ పట్టా భూమిలోదే అయినా, 1958 నాటి కేంద్ర చట్టం కింద గాని, 1960 నాటి రాష్ట్ర చట్టం కింద గాని రక్షిత కట్టడంగా ప్రకటించారేమో ముందు రాతపూర్వకంగా తెలుసుకోండి. కొత్త స్థలానికి వంద మీటర్ల లోపు కేంద్ర రక్షిత కట్టడమేదైనా ఉంటే అక్కడ కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై రెండు వందల మీటర్ల వరకు అనుమతి కావాలి. పునాది తవ్వేటప్పుడు నాణేలో పాత్రలో బయటపడితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. ఈ కాగితాలు చేతిలో ఉంటే రేపు ఎవరూ పని ఆపలేరు.

మన జిల్లా నుంచి తరలింపు కొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని గెలిచి, అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, కృష్ణాలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అది గెలిచినవాడు తీసుకుపోవడం. ఇక్కడ ఊరే తన వస్తువును తాను భద్రపరచుకుంటోంది.

ఊరి_ఆడపడుచు | 8 ఫిబ్రవరి 2023

నేను ఆ ఊరి పిల్లనే, పెళ్ళయి ఒంగోలు వచ్చి ముప్పై నాలుగేళ్ళయింది. మాస్టారు గారూ, మీరు ఒక సంగతి రాయలేదు. నడిమి అంకణం దూలానికి రెండు ఇనుప కడియాలు ఉండేవి. అట్లతద్ది నాడు తెల్లవారకముందే ఊరి ఆడపిల్లలందరం అక్కడికి చేరి వాటికి ఉయ్యాల వేసేవాళ్ళం. ఆ కడియాలు ఇప్పటికీ ఉన్నాయా?

పెన్నఒడ్డు_తోట | 8 ఫిబ్రవరి 2023

ఉన్నాయమ్మా. తుప్పు పట్టి బాగా లావెక్కాయి. పాతలిపి గారు అడిగిన బావి గురించి: కరువులో ఊరంతటికీ ఆ ఒక్క బావే నీళ్ళిచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. దాన్ని తరలించలేం కదా అన్నదే నన్ను వేధిస్తోంది.

రాతికొలత | 8 ఫిబ్రవరి 2023

ఆ కడియాలున్న దూలాన్ని దగ్గరగా ఫోటో తీసి పంపండి. ఇనుము తుప్పుపడితే దాని పరిమాణం ఎన్నో రెట్లు పెరుగుతుంది. రాతి గుంటలో బిగించిన ఇనుము అలా ఉబ్బితే లోపలి నుంచే రాయిని చీలుస్తుంది. పైకి వెంట్రుక గీతలా కనిపించే పగులు, దూలాన్ని ఎత్తిన క్షణంలో రెండు ముక్కలు కావచ్చు.

సున్నపుగానుగ | 10 ఫిబ్రవరి 2023

మేము మూడు తరాలుగా సున్నం పని చేస్తున్నాం, ఉదయగిరి వైపు. ఆ చిలుకల గురించి బెంగ పెట్టుకోవద్దు, అచ్చు ఉంటే చేసేవాళ్ళం ఇంకా ఉన్నాం. సిమెంటు మాత్రం దగ్గరకు రానివ్వకండి. సిమెంటు గట్టిదే, కాని లోపలికి చేరిన తేమను బయటకు పోనివ్వదు. ఆ తేమ పాత ఇటుకలోని ఉప్పును పైకి తెచ్చి పొరలు పొరలుగా రాలుస్తుంది. సున్నం తేమను పీలుస్తుంది, వదులుతుంది, రాయి కొద్దిగా కదిలినా తాను సర్దుకుంటుంది.

మన తీరంలో గవ్వలు, ఆలిచిప్పలు కాల్చి చేసే గుల్ల సున్నం మేలైనది. దాన్ని నీళ్ళలో విరియించి కనీసం నెల రోజులు నీటి అడుగునే ఉంచాలి. అతుకులకు ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక చొప్పున గానుగలో రుబ్బి, కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలపాలి. కప్పు మీద ఇటుక ముక్కలు సున్నంతో పరిచి, చెక్క సుత్తులతో రోజుల తరబడి, సుత్తి ఎగిరి పడేంత గట్టిపడే దాకా కొట్టాలి. ఎండలు ముదరకముందే ఆ పని ముగించి, తడి గోనెలు కప్పి ఉంచాలి. తొందరపడితే సున్నం బీటలు వారుతుంది.

కావలి_పాఠకుడు | 12 ఫిబ్రవరి 2023

మలుపు సంగతి విన్న తరువాత తరలింపు తప్పదని నేనూ ఒప్పుకుంటున్నాను. అయితే దిక్కు మార్చకండి. పడమటి వైపు గోడ కట్టినది వేసవి వడగాలిని, మధ్యాహ్నపు ఎండను ఆపడానికి. తూర్పు, దక్షిణాలు తెరిచినది సముద్రపు గాలికి, ఏటి గాలికి. కొత్త స్థలంలో రోడ్డు ఏ వైపున ఉంటే ఆ వైపుకు తిప్పమని అడిగేవారు తప్పక వస్తారు, ఆ మాట వినకండి.

తోటమాలి_కందుకూరు | 13 ఫిబ్రవరి 2023

తోట లేని తోట మండపం అన్న దిగులుకు నేను కొంత మందు చెప్పగలను. ముదురు మామిడిని పెకలించి నాటితే బతకడం కష్టం. కాని ఏ చెట్టు ఎంత దూరంలో ఏ దిక్కున ఉందో పటం గీసుకుని, ప్రతి చెట్టు నుంచీ కొమ్మ పుల్లలు తెచ్చి వానలు పడగానే మామిడి మొలకల మీద అంటు కట్టుకుంటే, అవే చెట్లు కొత్త చోట అవే స్థానాల్లో లేస్తాయి. అంటు మొక్క తల్లి గుణమే పుణికిపుచ్చుకుంటుంది, టెంక నుంచి మొలిచినది అలా ఉండదు. పొగడ ఉంటే దాని గింజలు ఏరి ఉంచండి. ముందు చెట్లను నాటించండి, మండపం కంటే అవి లేవడానికే ఎక్కువ కాలం పడుతుంది.

పెన్నఒడ్డు_తోట | 2 ఏప్రిల్ 2023

నలుగురం కూర్చున్నాం. ఈ చర్చనంతా అచ్చు తీయించి మా వాళ్ళ ముందు పెట్టాను. రాళ్ళు అమ్మాలన్న మా తమ్ముడు, బావి గురించి నాయనమ్మ చెప్పిన మాట చదివి, తన వాటా ఖర్చు ముందుగా తానే తెచ్చి ఇచ్చాడు. రక్షిత కట్టడం కాదన్న కాగితం చేతికి వచ్చింది. శాసనం అచ్చు తీశాం. నాలుగవ పంక్తిలో దాత పేరు కింద పనిచేసిన ఇద్దరు కాసెవాళ్ళ (రాతి పనివారి) పేర్లు కూడా ఉన్నాయి. నూట యాభై ఏళ్ళుగా వాటిని మా ఇంట్లో ఎవరూ చదవలేదు.

రాతికొలత | 3 ఏప్రిల్ 2023

మంచి వార్త. పని మొదలుపెట్టే ముందు గుర్తుల పద్ధతి స్థిరపరచుకోండి. ఈశాన్యపు మూల స్తంభాన్ని ఒకటిగా తీసుకుని ప్రదక్షిణంగా లెక్కించండి. స్తంభానికి, బోదెకు, దూలానికి, బండకు వేరు వేరు అక్షరాలు ఇవ్వండి. అంకెను రాయి కనిపించే ముఖం మీద రాయవద్దు, అతుకులో దాగే ముఖం మీద రాయండి. రంగుతో పాటు అల్యూమినియం బిళ్ళ మీద అంకె పొడిపించి తీగతో కట్టండి. ప్రతి రాయినీ నాలుగు వైపుల నుంచీ ఫోటో తీయండి. పై నుంచి కిందికి, నడిమి అంకణం నుంచి రెండు వైపులకూ సమానంగా విప్పుకుంటూ రండి, ఒక వైపే దించితే రెండవ వైపు స్తంభాలు వాలుతాయి.

కొత్త స్థలంలో నల్లరేగడి ఉండవచ్చు. ఏటి గట్టు ఇసుక నేల మీద నూట యాభై ఏళ్ళు నిశ్చలంగా నిలిచిన కట్టడం, తడికి ఉబ్బి ఎండకు బీటలిచ్చే రేగడి మీద నాలుగేళ్ళకే వంకర పోగలదు. మట్టి పరీక్ష చేయించి, రేగడిని తీసివేసి, ఇసుకను పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించి, దాని మీద రాతి పునాది వేయండి.

పెన్నఒడ్డు_తోట | 18 జూన్ 2023

మే నెలలో ఇరవై ఆరు రోజులు పట్టింది. భయపడినట్టే కడియాల దూలం ఎత్తుతుండగా రెండుగా విరిగింది. కింద ఇసుక మూటలు పరిచి ఉంచడం వల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. తొట్టిని కూడా తెచ్చాం. బావి ఒర మీద దీపం పెట్టి వచ్చాం.

పెన్నఒడ్డు_తోట | 14 డిసెంబరు 2023

ఒక తప్పు చేశాను, దాచకుండా చెప్పడం నా బాధ్యత. స్తంభాలకు, బోదెలకు, దూలాలకు బిళ్ళలు కట్టాం. ముప్పైఆరు కప్పుబండలకు మాత్రం రంగుతో రాస్తే చాలుననుకున్నాను. ఈ నెల 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు రోజులంతా మా ఊళ్ళో కుండపోతగా కురిసింది. బండల మీద కప్పిన టార్పాలిన్ ఎగిరిపోయి, సగానికి పైగా బండల మీద అంకెలు చెదిరిపోయాయి. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

సున్నపుగానుగ గారు స్వయంగా వచ్చి, అంకె పోయిన బండలను ఒక్కొక్కటిగా తిరగవేయించారు. పాత సున్నం వాన నీటికి నాని ఊడిన చోట, బండ అంచున ఉలితో చెక్కిన చిన్న గీతలు, వాటి పక్కన ౩, ౭, ౧౧ అని తెలుగు అంకెలు కనిపించాయి. దూలాల నెత్తిన కూడా అవే అంకెలు ఉన్నాయి. 1872లో ఆ ఇద్దరు కాసెవాళ్ళు కింద చెక్కి పైకి ఎత్తేటప్పుడు తమకోసం వేసుకున్న గుర్తులవి. మా ఫోటోలతో పోల్చి చూస్తే ఒక్కటి కూడా తప్పలేదు.

పాతలిపి | 14 డిసెంబరు 2023

చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. దయచేసి ఆ అంకెలన్నింటినీ ఫోటో తీయించండి, అతుకులు మూసిన తరువాత మళ్ళీ ఎవరికీ కనిపించవు.

పెన్నఒడ్డు_తోట | 17 జనవరి 2024

నిన్న కనుమ. కొత్త స్థలంలో అరుగు వరకే లేచింది. దాని మీద కొబ్బరాకుల పందిరి వేసి ఉత్సవమూర్తిని దించాం. పార్వేట ఆగలేదు. మండపాన్ని రోడ్డు వైపుకు తిప్పమని పెద్దలు నిజంగానే అడిగారు. కావలి_పాఠకుడు గారి మాటలు చదివి వినిపించాను, ఒప్పుకున్నారు.

పెన్నఒడ్డు_తోట | 21 ఏప్రిల్ 2024

స్తంభాలు, దూలాలు, బండలు లేచాయి. విరిగిన దూలాన్ని తుప్పుపట్టని ఉక్కు కడ్డీలతో, ఎపాక్సీతో అతికించి, బరువు తక్కువగా పడే చోటికి మార్చాలా అని రాతికొలత గారిని అడిగితే, స్థానం మార్చవద్దన్నారు. అతికించినది అక్కడి బరువు మోయలేదు కనుక నడిమి అంకణానికి మా ప్రాంతపు బూడిదరంగు రాతితో కొత్త దూలం చెక్కించి, దాని లోపలి ముఖం మీద 2024 అని వేయించాం, పాతదని ఎవరూ పొరబడకూడదు కదా. పాత దూలం ముక్కలు రెండూ అరుగు పక్కన కూర్చునే బల్లగా ఉన్నాయి. కప్పు మీది సున్నం పని మార్చిలోనే ముగిసింది. చిలుకల్లో మూడు అయ్యాయి, ఇంకా తొమ్మిది కావాలి.

ఊరి_ఆడపడుచు | 21 ఏప్రిల్ 2024

కొత్త దూలానికి కడియాలు పెట్టించారా మాస్టారు గారూ?

పెన్నఒడ్డు_తోట | 22 ఏప్రిల్ 2024

లేదమ్మా. రాతిలో మళ్ళీ ఇనుము బిగించనివ్వనని రాతికొలత గారు ఖండితంగా చెప్పారు. మండపానికి పది అడుగుల దూరంలో, రాతిని తాకకుండా, రెండు టేకు గుంజలు పాతి మీద అడ్డదూలం వేయించాను. పాత కడియాలను తుప్పు గీకించి, నూనె పట్టించి దానికే తగిలించాం. తోటమాలి గారు కట్టిన పద్నాలుగు అంట్లలో పదకొండు బతికాయి. పొగడ మొక్క మోకాలెత్తు ఉంది.

ఊరి_ఆడపడుచు | 20 అక్టోబరు 2024

అట్లతద్దికి వెళ్ళి వచ్చాను. చీకటితోనే ఇరవై మందికి పైగా పిల్లలు చేరారు. నేనూ ఊగాను. కడియాల చప్పుడు మారలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఏటి గట్టుకు వెళ్ళి చూశాను మాస్టారు గారూ, పాత అరుగు గుంతకు, గట్టు అంచుకు మధ్య ఇప్పుడు నా అడుగులతో పదకొండు అడుగులే ఉంది. బావి ఇంకా ఉంది.